విద్యారంభము – వర్షారంభము

గరివిడి పశువైద్య కళాశాలకు ఏటేట క్రొత్త విద్యార్థులు వచ్చుచున్నారు. ఇట్టి విద్యాలయములలో ప్రవేశదినమున సభ జరుపుట, పెద్దలు హితవు చెప్పుట, పిదప పిల్లలచేత మొక్కలు నాటించుట నేడు పరిపాటియైనది. అఖిల భారత సాంకేతిక విద్యామండలి ఇంజనీరింగు విద్యార్థులకు మూడువారముల పరిచయ కార్యక్రమమును నిర్దేశించినది. 2019 లో విశ్వవిద్యాలయ నిధుల సంఘము 'దీక్షారంభ్' అను పేర ఇట్టిదానినే తక్కిన విద్యలకును సూచించినది. సంకల్పము శ్లాఘనీయమే. కాని వేళను గూర్చి మేమొక మాట చెప్పక తప్పదు.

1950 జూలైలో నాటి కేంద్రమంత్రి కె. యం. మున్షీగారు వనమహోత్సవమును దేశమంతట ప్రారంభించిరి. ఆ మాసమును ఏల ఎన్నుకొనిరో రైతు నడిగినచో చెప్పగలడు. భూమి పదునెక్కునది అప్పుడే. మన ఉత్తరాంధ్రమున జూన్ నడుమ నైరృతి వచ్చి అక్టోబరు నడుమ వెనుదిరుగును. ఆషాఢమున నాటిన మొక్క వేసవినాటికి వేళ్లు దింపుకొనును. వానలు వెనుకబట్టిన పిమ్మట నాటినది తుపానులకో ఎండలకో ఆహుతియగును. 2014 అక్టోబరు 12 న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11 న తిత్లీ మన తీరమున చేసిన విధ్వంసమును ఎవరు మరచిరి?

అయితే ప్రవేశముల తేదీ మన చేతిలో లేదు. పశువైద్య ప్రవేశములు నీట్ పరీక్షను ఆశ్రయించియున్నవి. 2020, 2021 సంవత్సరములలో ఆ పరీక్షయే సెప్టెంబరులో జరిగెను. 2024 లో మే మాసమున జరిగిన పరీక్షకు తుది ఫలితములు జూలై 26 న గాని వెలువడలేదు. ఇక సీట్ల పంపకము ముగిసి పిల్లవాడు కళాశాల గడప త్రొక్కునప్పటికి మేఘములు తరలిపోవును.

"వేడుకకు వేళతో పనియేమి?" అని కొందరందురు. పేరు చెప్పనక్కరలేని యొక విద్యాలయమున అట్టి వేడుకకు మేమును పార పట్టితిమి. మరు వేసవిలో పోయి చూడగా గుంటలున్నవి, మొక్కలు లేవు. నష్టము మొక్కలకే పరిమితమైనచో ఇంత వ్రాయనక్కరలేదు. ప్రజాకార్యము ఛాయాచిత్రముతో ముగియునని ఆ పిల్లలు మొదటిదినముననే నేర్చుకొనిరి. ఆ పాఠమును తరువాత ఏ ఆచార్యుడు మాన్పగలడు?

కావున మా మనవి యిది. సభ ఎప్పుడైనను జరుగుగాక; నాటుట మాత్రము మరుసటి తొలకరికి ఉంచవలయును. ప్రవేశదినమున విద్యార్థికి గుంట చూపి, మొక్కను పేరుపెట్టి అప్పగింపుడు. నర్సరీలో దానికి నీరు పోయుట ఆనాడే మొదలుకావలెను. వేప, కానుగ, నేరేడు చాలును. పశువులకు మేతయగు అవిసె పశువైద్యునకు మరింత తగును. సభకు గుడ్డ తోరణము, లోహపు గ్లాసు సరిపోవును. గరివిడికి రైలుస్టేషను ఉన్నది. వీలైనవారు కారులు మాని రైలున రావచ్చును.

పశువైద్యవిద్య అయిదున్నర సంవత్సరములది. పట్టము నందునాడు విద్యార్థి తన చెట్టునీడను నిలిచి సెలవు తీసికొనవలయును. ఆ నీడయే దీక్షారంభమునకు ఫలశ్రుతి.