కంకి చప్పగా వచ్చిందా? షాపు మీదికి పోయే ముందు గట్టు అవతల చూడండి

రైతు సోదరులారా, ఒక మాట గట్టిగానే చెబుతున్నా, కోపం తెచ్చుకోవద్దు. స్వీట్ కార్న్ వేసే మనలో చాలామందిమి రకాన్ని ఎంచుకోవడం లేదు, ప్యాకెట్ మీద బొమ్మని ఎంచుకుంటున్నాం. కంకి పిండిగా వస్తే "నకిలీ విత్తనం" అని షాపు ముందు కూర్చుంటున్నాం. నకిలీ లేదని నేననను. ఉంది, దాని మీద కొట్లాడాల్సిందే. కానీ మంచి విత్తనాన్ని కూడా పక్క చేను చెడగొడుతుంది. ఆ సంగతి షాపువాడు చెప్పడు, మనం అడగం.

మిరపకి పక్క రకం పుప్పొడి పడితే ఈ ఏడు కాయకేం కాదు. మొక్కజొన్న అట్లా కాదు, ఇక్కడ మనం అమ్మేదే గింజ. పీచులో ఒక్కో పోగు ఒక్కో గింజది. ఆ పోగు మీద మామూలు మొక్కజొన్న పుప్పొడి పడిందా, ఆ గింజ అదే కంకిలో పిండిగింజ అవుతుంది. తీపి గుణం తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండువైపులా రావాలి, ఒక్కవైపు వస్తే పిండిదే పైచేయి.

ఇంకో సంగతి. పాత తీపి రకాలు వేరు, సూపర్ స్వీట్ వేరు. ఈ రెండూ పక్కపక్కన వేస్తే రెండూ చెడతాయి. "రెండూ స్వీట్ కార్నే కదా" అనుకుంటే మునిగినట్టే.

మరి ఏం చేయాలి? మామూలు మొక్కజొన్నకి రెండు మూడు వందల మీటర్ల దూరం ఉండాలి. అంత చోటు లేకపోతే పూతల మధ్య కనీసం రెండు వారాల తేడా ఉండాలి. విత్తిన తేదీలు కాదు, జల్లు వచ్చే తేదీలు లెక్కపెట్టండి. పొడుగ్గా రెండు సాళ్లు వేయకండి, చదరంగా ఒక మడిలా వేయండి, గింజ నిండుగా పడుతుంది.

షాపులో అడగాల్సినవి మూడు: ఇది మామూలు తీపా, సూపర్ స్వీటా? జల్లు ఎన్ని రోజులకి? హైబ్రిడా, కాంపోజిటా? మామూలు తీపి రకం కోసిన రోజే అమ్ముకోవాలి, ఎండలో చక్కెర పిండిగా మారిపోతుంది. సూపర్ స్వీట్ కొంచెం ఆగుతుంది. దాని విత్తనం ముడతలు పడి తేలిగ్గా ఉంటుంది, చూసి భయపడకండి. చల్లని నేలలో, లోతుగా మాత్రం వేయకండి. హైబ్రిడ్ అయితే ఏటా కొనాల్సిందే. మన హైదరాబాద్ పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన మాధురి, ప్రియ లాంటి కాంపోజిట్ రకాలైతే, పక్క పుప్పొడి తగలకుండా కాపాడుకుంటే విత్తనం మనమే దాచుకోవచ్చు.

"నాకున్నది ఎకరం, పక్కోడు ఏం వేస్తాడో నా చేతిలో ఉందా?" అంటారు. నిజమే, లేదు. అందుకే ఇది ఒక్కడి నిర్ణయం కాదంటున్నా. నీళ్ల వంతు మాట్లాడుకుంటాం, దారి మాట్లాడుకుంటాం. పూత తేదీ మాట్లాడుకుంటే ఏం పోతుంది? పీచు వచ్చాక ఇరవై రోజులకి కోత. వ్యాపారి చేలోకొచ్చి గింజ గిల్లి, కొరికి చూసి ధర కోస్తాడు. ఆ రోజు గట్టు అవతలోణ్ణి తిట్టుకుంటే పైసలు తిరిగిరావు.

విత్తనం కొనకముందే మీ ఊరి వాట్సాప్ గ్రూపులో ఈ ఒక్క ప్రశ్న వేయండి: ఈసారి ఎవరి చేను, ఎప్పుడు జల్లుకొస్తుంది? జవాబు వచ్చాకే షాపుకి పోండి.