పారేసే ముందు పెన్‌డ్రైవ్ పెట్టి చూడండి

ఖమ్మంలో మాది కంప్యూటర్ రిపేరు కొట్టు. మొన్న ఒక ట్యూషన్ మాస్టారు లాప్‌టాప్ పట్టుకొచ్చారు. ఏడో తరం ఐ3, 4 జీబీ ర్యామ్. "దీని పని అయిపోయిందంట గదా తమ్ముడూ, కొత్తది ఎంతలో వస్తది?" అన్నారు. ఎవరో భయపెట్టి పంపారు. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు ఆగాయి. విండోస్ 11 ఏమో ఇంత పాత ప్రాసెసర్‌ను ఒప్పుకోదు.

కొత్తది అమ్మితే నాకు నాలుగు డబ్బులు మిగులుతాయి. అయినా సొరుగులోంచి 8 జీబీ పెన్‌డ్రైవ్ తీశాను. అందులో విండోస్‌కు బదులు వాడుకోగల లినక్స్ మింట్ ఉంది. ఆయనది లెనోవో కాబట్టి ఎఫ్12 (హెచ్‌పీ అయితే ఎఫ్9) టపటపా కొట్టి, బూట్ మెనూలో పెన్‌డ్రైవ్‌ను ఎంచుకున్నాను. కాసేపటికి డెస్క్‌టాప్ వచ్చింది. "నా ఫైళ్లు?" అని మాస్టారు కంగారుపడ్డారు. హార్డ్ డిస్కును ముట్టుకోనే లేదు సార్, పెన్‌డ్రైవ్ పీకేసి ఆన్ చేస్తే మళ్లీ మీ విండోసే, అన్నాను. వైఫై పట్టిందా, సౌండ్ వస్తోందా అన్నీ ఆయనే నొక్కి చూసుకున్నారు. కాస్త నెమ్మదిగా ఉందన్నారు. అది పెన్‌డ్రైవ్ నెమ్మది, లినక్స్‌ది కాదు. ఇంట్లో వాడి చూడమని పెన్‌డ్రైవ్ ఇచ్చి పంపాను.

మా వ్యాపారంలో చాలామందిమి ఈ పదినిమిషాల పని చేయం. "పాతదైంది, మార్చేయండి" అనడం తేలిక. చీరైనా భుజం మీద వేసి చూపించి అమ్ముతారు కదా!

ఇంట్లోనే చేసుకోవచ్చు. సుమారు 3 జీబీ ఉండే మింట్ ఐఎస్ఓ ఫైలు దించుకోవాలి. పాటలు ఎక్కించినట్టు కాపీ చేస్తే బూటవదు, రూఫస్ అనే ప్రోగ్రామ్‌తో రాయించాలి. పెన్‌డ్రైవ్‌లో వెంటాయ్ అనే ప్రోగ్రామ్ వేసుకుంటే మాత్రం కాపీ చేసినా చాలు. ఏది వాడినా ముందు పెన్‌డ్రైవ్‌లో ఉన్నదంతా చెరిగిపోతుంది. ఇది అనుభవం మీద చెబుతున్నాను. ఒకసారి రెండు పెన్‌డ్రైవ్‌లు గుచ్చి ఉన్నాయి, ఒకటి కస్టమర్‌ది. డేటా పోతుందని రూఫస్ హెచ్చరించింది కూడా. అలవాటు చొప్పున ఓకే కొట్టేశాను. ఆయన కూతురి నిశ్చితార్థం ఫొటోల్లో సగమే తిరిగొచ్చాయి. ఆ ఇంటివాళ్లు ఎదురైతే ఇప్పటికీ తల తిప్పుకుంటాను.

లినక్స్ అందరికీ పనికొస్తుందని నేననను. పేజ్‌మేకర్, అను ఫాంట్ల మీద బతికే డీటీపీ వాళ్లను మార్చమంటే పొట్ట కొట్టినట్టే. మాస్టారికీ అదే అడ్డొచ్చింది. మూడో రోజు పెన్‌డ్రైవ్ తిరిగి తెచ్చి, "ప్రశ్నపత్రాలన్నీ అనులోనే ఉన్నయి, ఎట్లా?" అన్నారు. పాత విండోస్‌ను నెట్ లేకుండా వాటికోసం ఉంచి, పక్కనే మింట్ వేశాను. 500 తీసుకున్నాను. లాప్‌టాప్ అమ్మితే వచ్చేదాంతో చూస్తే అది ఏ మూలకూ రాదు. మర్నాడు ఇంకో మాస్టారిని వెంటబెట్టుకొచ్చారు, ఆయన చంకలోనూ పాత లాప్‌టాపే.