బొమ్మ నిటారుగా ఉంటే చాలా?

దూలాన్ని పడుకోబెట్టి వేసే వడ్రంగి చిత్తూరు జిల్లా అంతా వెతికినా దొరకడు. సన్నవైపు కిందికి పెట్టి నిలబెడితేనే అది బరువు మోస్తుందని అతని చేతికే తెలుసు. కంప్యూటర్ ముందు కూర్చున్న ఇంజనీరుకు మాత్రం ఆ పట్టింపు అక్కర్లేదని, లోకల్ యాక్సిస్ (సెక్షన్ సొంత అక్షం) సంగతి సాఫ్ట్‌వేరే చూసుకుంటుందని, త్రీడీ బొమ్మలో సెక్షన్ నిటారుగా కనిపిస్తే చాలని ఇప్పుడు చాలామంది నమ్ముతున్నారు. ఇది ప్రమాదకరమైన నమ్మకం.

ఐ ఆకారపు ఇనుప దూలం ఐఎస్ఎంబీ 300 సంగతే తీసుకోండి. నిలబెడితే దాని జడత్వ భ్రామకం (వంపును తట్టుకునే గుణం) సుమారు 8,600 సెం.మీ⁴, పడుకోబెడితే 454 సెం.మీ⁴. అంటే 19 రెట్ల తేడా.

శ్రీసిటీలోనో రేణిగుంటలోనో లేచే ఇనుప షెడ్డును ఊహించండి. స్టాడ్ అనే డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో వై అక్షం పైకి ఉన్నప్పుడు, సెక్షన్‌ను దాని పొడవు అక్షం చుట్టూ తిప్పే బీటా కోణం ఇవ్వకుండా వదిలేసిన స్తంభం ఎక్స్ దిశలో వచ్చే గాలికే బలంగా నిలబడుతుంది. ఫ్రేములను జెడ్ దిశలో నిలిపితే ప్రతి స్తంభాన్నీ 90 డిగ్రీలు తిప్పాలి. ఆ పని సాఫ్ట్‌వేర్ చేయదు, చేయలేదు కూడా. ఫ్రేములు ఎటు నడుస్తాయో దానికెలా తెలుస్తుంది?

అక్షాలకు పెట్టే అక్షరాలూ కలవవు. పాత స్టీల్ టేబుల్స్‌లో బలమైన అక్షం ఎక్స్-ఎక్స్. ఉక్కు నిర్మాణాల భారతీయ కోడ్ ఐఎస్ 800ను 2007లో సవరించాక అది జెడ్-జెడ్ అయింది. యూరోకోడ్‌లో వై-వై. మన దగ్గర బలహీనమైన అక్షానికి పెట్టిన పేరే అక్కడ బలమైన అక్షానికి పేరు!

సొంతంగా గీసుకున్న సెక్షన్ దగ్గర చిక్కు ఇంకా ముదురుతుంది. రేకుల కింద వేసే జెడ్ పర్లిన్‌కు ప్రధాన అక్షాలు నిలువుగానూ ఉండవు, అడ్డంగానూ ఉండవు, ఏటవాలుగా ఉంటాయి. అందుకే పైనుంచి బరువు పడితే అది కిందికే కాక పక్కకూ వంగుతుంది. స్టాడ్ జనరల్ టేబుల్‌లో రెండు అక్షాల జడత్వ భ్రామకాలు ఐజెడ్, ఐవై రాయడానికి చోటుంది, ఆ రెండింటినీ కలిపే గుణానికి చోటు లేదు. దాంతో పక్కవంపు లెక్కలోంచి జారిపోతుంది, బొమ్మ మాత్రం చక్కగా కనిపిస్తుంది. రేకు బిగిస్తే పర్లిన్ కదలదు కదా అని వాదించేవారున్నారు. కానీ పక్కకు నెట్టే ఆ బలం స్క్రూల మీదికి పోతుంది. మరి స్క్రూలను ఎవరు లెక్కించారు?

పొరపాటున పడుకోబెట్టినా పెద్ద సెక్షన్ వస్తుంది, భద్రతకేం ఢోకా లేదన్నది ఇంకో వాదన. కానీ ఫ్రేములో బలహీనపడిన మెంబర్ తన వంతు మూమెంట్‌ను పక్కవాటి మీదికి నెడుతుంది. ఒకచోట ఇనుము వృథా అవుతుంది, ఇంకోచోట చాలదు.

సరిచూడటం కష్టమేమీ కాదు. మోడల్‌లో ఒక చివర బిగించిన 3 మీటర్ల ఐఎస్ఎంబీ 300 రెండో చివర 1 కిలోన్యూటన్ బరువు పెట్టాలి. వంపు అర మిల్లీమీటరు వస్తే దూలం నిలబడి ఉన్నట్టు, 10 మిల్లీమీటర్లు వస్తే పడుకున్నట్టు. జెడ్ పర్లిన్‌కూ ఇదే పరీక్ష పెట్టాలి. పక్కకు కదలిక సున్నా అని చూపిస్తే, మోడల్‌లో ఉన్నదీ రేపు షెడ్డు మీదికి ఎక్కబోయేదీ ఒకటి కావు.