ప్రార్థన అయ్యాక ఏం చేస్తాం?



దేవుణ్ణి ప్రేమించడం అంటే ఏమిటి? మన హాస్టల్లో ఈ మాట అడిగితే ఒకరు ప్రార్థన అంటారు. ఒకరు పాటలు అంటారు. ఇంకొకరు వాక్యాలు కంఠతా పట్టడం అంటారు. ఇవన్నీ మంచివే, నేను వద్దనడం లేదు. కానీ ఇవి అయ్యాక మనం ఏం చేస్తామో దాన్నిబట్టే మన ప్రేమ తెలుస్తుందని నా అభిప్రాయం.

ఆజ్ఞలన్నిటిలో ఏది ముఖ్యమని యేసుప్రభువుని ఒక శాస్త్రి అడిగాడు. ప్రభువు ఒకటి అడిగితే రెండు చెప్పాడు. దేవుణ్ణి ప్రేమించమన్నాడు, పక్కనున్న మనిషినీ ప్రేమించమన్నాడు. రెండింటినీ విడదీయలేదు.

మరి హాస్టల్లో మన పక్కనున్న మనిషి ఎవరు? ఈ చలికాలంలో చిన్న తరగతుల పిల్లలకి గజ్జి వచ్చింది. వేళ్ళ సందుల్లో, నడుము దగ్గర పొక్కులు. రాత్రిళ్ళు గోక్కుంటూ నిద్రపోవడం లేదు. వాళ్ళని చాప మీద కూర్చోనివ్వరు. పంపు దగ్గర "నువ్వు ముట్టుకోకు, ఆఖర్న పట్టుకో" అంటారు. ఒక చెల్లి వరండాలో ఒక్కతే పడుకుంటోంది. సాయంత్రం ప్రార్థనలో మాత్రం అందరం కళ్ళు మూసుకుని రోగులను బాగుచెయ్యి తండ్రీ అంటున్నాం. దేవుడు దిగొచ్చి మందు రాయాలా? మనకి చేతులున్నాయి కదా.

"మాకూ అంటుకుంటుంది" అని కొందరు అంటారు. నిజమే, అంటుకుంటుంది. గజ్జి చర్మంలో దూరే కంటికి కనపడనంత చిన్న పురుగు వల్ల వస్తుంది. ఎవరి పాపం వల్లా రాదు. ఒళ్ళూ ఒళ్ళూ తగలడం వల్ల, ఒకే దుప్పటి కప్పుకోవడం వల్ల పాకుతుంది. పురుగు చేరిన కొన్ని వారాలకి గానీ దురద మొదలవదు. కాబట్టి ఒక పిల్లని వరండాలోకి పంపినంత మాత్రాన మిగతావాళ్ళం తప్పించుకున్నట్టు కాదు. గదిలో అందరూ, దురద లేనివాళ్ళు కూడా, ఒకే రోజు మందు రాసుకోవాలి. బట్టలు, దుప్పట్లు వేడినీళ్ళలో ఉతికి ఎండలో వేయాలి.

మార్కు సువార్త 1వ అధ్యాయం చూడండి. యేసు ఇంకా చీకటి ఉండగానే లేచి ఒంటరిగా ప్రార్థన చేసుకున్నాడు. అదే అధ్యాయంలో కుష్ఠరోగి వస్తే చెయ్యి చాపి ముట్టుకున్నాడు. దూరం నుంచి ఒక్క మాటంటే చాలదా? అయినా ముట్టుకునే బాగుచేశాడు. ప్రార్థన చాలు పనులెందుకు అనేవాళ్ళకీ, పనులు చాలు ప్రార్థనెందుకు అనేవాళ్ళకీ ఇదే జవాబు.

ఇంకో మాట. మన ప్రార్థనకి వచ్చేవాళ్ళకే సాయం చేద్దాం, ఊరి దేవతలకి మొక్కేవాళ్ళకి ఎందుకు అని కొందరి గొణుగుడు విన్నాను. ఇది తప్పు. 1876-78లో పెద్ద కరువు వచ్చినప్పుడు ఒంగోలులో క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్ళకి పని, కూలీ ఇప్పించారు. చాలామంది బాప్తిస్మం అడిగినా ఆ కరువు రోజుల్లో ఇవ్వకుండా ఆపేశారు. కూటి కోసం మతంలోకి రాకూడదని ఆయన ఉద్దేశం. 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. అన్నం పెట్టేటప్పుడు మతం అడక్కూడదని ఆయన్ని చూసి మనం నేర్చుకోవచ్చు.

మా అమ్మకి అక్షరం ముక్క రాదు. ఒక్క వాక్యం కూడా చూసి చదవలేదు. పక్కింటి ముసలమ్మకి జ్వరం వస్తే చోడి అంబలి ముందు ఆ ఇంటికి పంపి, తర్వాతే మాకు పోస్తుంది. ఆ ముసలమ్మ మన మతం కాదు. కొర్రకొత్త చేసుకుని మాకూ ఇంత పంపుతుంది. వీళ్ళిద్దరినీ చూస్తే నాకు దేవుడి ప్రేమ అర్థమవుతుంది. బోలెడు వాక్యాలు వచ్చిన మనం అమ్మకంటే వెనకబడకూడదు.

అందుకని నేను అడిగేది ఇంతే. పెద్ద తరగతుల అక్కలం ఒక్కొక్కరం ఇద్దరేసి చెల్లెళ్ళ దుప్పట్లు ఉతుకుదాం. పంపు దగ్గర చిన్నవాళ్ళని ముందు పట్టుకోనిద్దాం. వరండాలో చెల్లిని ఈ రాత్రికే లోపలికి పిలుద్దాం, మందు పనిచేసేదాకా ఎవరి దుప్పటి వాళ్ళే కప్పుకుందాం. వార్డెన్ అమ్మగారూ, దయచేసి నర్సమ్మగారిని పిలిపించి అన్ని గదులకీ ఒకే రోజు మందు ఇప్పించండి. రాయడానికి మేమున్నాం. ఆదివారం ప్రార్థన అవగానే పొయ్యి మీద నీళ్ళు పెడదాం. నాతో ఎవరు వస్తారో ఈ కాగితం కింద పేర్లు రాయండి.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని