త్రుంచిన చిత్రము - పోయిన ప్రాణములు

కరాచీలో బాలరక్షణకై తీసిన యొక హెచ్చరిక చిత్రమున, బిడ్డ నెత్తుకొనిపోయిన వారే తుదకు తిరిగి తెచ్చి యప్పగింతురు. ఆ తుదిభాగమును త్రుంచి, నిజమైన దొంగతనమని మన దేశమున వాట్సాపులో వ్యాపింపజేసిరి. ఇట్టి పుకార్లు చెలరేగిన దినములలోనే, 2018 జూలై 1వ తేదీన మహారాష్ట్రములోని ధూలే జిల్లా రైన్‌పాడా గ్రామమున, బిచ్చమెత్తి బ్రదుకు సంచారజాతివా రైదుగురిని బిడ్డల దొంగలని జనులు కొట్టి చంపిరి. ఒక సందేశమును ఒకేసారి ఐదు చోట్లకు మించి పంపరాదని ఆ సంస్థ యా నెలలోనే కట్టడి ప్రకటించినది. కట్టడి మంచిదే, కాని పంపెడు చేయి మనదే గదా! ఎప్పటిది, ఎక్కడిది, మొదలు తుద యున్నవా యని విచారింపక పంపుట అమాయకత్వము గాదు, అపరాధము. ఊర మాట చెల్లుబడి గల పెద్దలు, చదువుకొన్నవారు ముందుగా నీ నియమమును పాటింపవలయునని మా విజ్ఞప్తి.