పీపా యెవరిదో లాభమును వారిదే

షార్డనే యను విదేశీ ద్రాక్షతో చేయబడి, ఓకుమ్రాని పీపాలలో పులియబెట్టబడిన తెల్లని ద్రాక్షసారాయము పట్టణములలో సీసా యొకటి వేలరూపాయలకు అమ్ముడగుచున్నదని వినుచున్నాము. కావున టమోటాను విడిచి ఆ ద్రాక్షను మన చేలలో నాటిన లాభము కాదా యని కొందరు రైతుసోదరులు అడుగుదురు. ఇందుకు మా యభిప్రాయమును మొదటనే చెప్పుచున్నాము. ఆ తీగె మనకు తగదు. కాని ఆ తీగెను పెంచిన రైతులు తమ పంటను కాచుకొన్న పద్ధతి మాత్రము మనకు మిక్కిలి తగును.

షార్డనే ఫ్రాన్సుదేశములోని బర్గండీ సీమది. దీని పుట్టుక రాజవంశపు పుట్టుక కాదు. 1999లో శాస్త్రజ్ఞులు జన్యుపరీక్షలు జరిపి, పీనో యను పేరొందిన ద్రాక్షకును, గూయే యను నాటు ద్రాక్షకును కలిగిన సంకరమే యిదియని తేల్చిరి. ఆ గూయేను పూర్వము హీనజాతిగా నెంచి పేదరైతులకు వదలిరి. దీని రసమును పిండి, సుమారు 228 లీటర్లు పట్టు పీపాలలో నింపుదురు. ఈస్టు అను సూక్ష్మజీవి అందలి చక్కెరను సారాయముగను, బొగ్గుపులుసు వాయువుగను మార్చును. పిదప మన పెరుగును తోడుపెట్టు జాతికి చెందిన సూక్ష్మజీవులు చేరి, పచ్చికాయ పులుపువంటి తీక్ష్ణమైన పులుపును పెరుగు పులుపువంటి మెత్తని పులుపుగా మార్చును. అడుగున దిగిన మడ్డిని అప్పుడప్పుడు కలియబెట్టుచు నెలల తరబడి నిలువ యుంతురు. కోసిననాడు ఒక ధరకు పోవలసిన సరకు, పీపాలో నిదానముగా వేరొక సరకగును.

కాలిఫోర్నియాలో సముద్రతీరపు షార్డనేకు మంచి పేరు కలదు. తీరమనగానే మన నెల్లూరు, విశాఖపట్టణములను తలచుకొనరాదు. అచ్చటి పసిఫిక్ సముద్రజలము చల్లనిది. దానిపైనుండి లేచిన మంచు తోటలను కప్పుటచే కాయ మెల్లగా పండి, పులుపును నిలుపుకొనును. మన బంగాళాఖాతము వెచ్చనిది. దాని గాలి తేమను తెచ్చును, తేమ తీగెకు బూజుతెగుళ్లను తెచ్చును. మన పెద్దమండ్యము తీరమునకు దూరముగ మెట్టసీమలో నున్నను ఇక్కడి చలికాలము తీగెను నిద్రపుచ్చునంతటిది కాదు. అందుచేతనే దక్షిణదేశమున ద్రాక్షకు ఏటేట రెండు కత్తిరింపులు చేయవలసి వచ్చుచున్నది. దానికి పందిరి, బిందుసేద్యము, మందులు, కూలి, రెండుమూడేండ్ల నిరీక్షణ కావలెను. బోరులో నీరు ఎన్నాళ్లుండునో తెలియని రైతునకు ఇది చిన్న పందెము కాదు.

మనవారికి ద్రాక్ష కొత్తదని మేము చెప్పుటలేదు. హైదరాబాదు పరిసరములలో అనాబెషాహి తోటలు ఒకనాడు దేశమంతటను పేరుపొందినవి. మనకు పొరుగున కోలారు, చిక్కబళ్లాపురము సీమలలో బెంగుళూరు బ్లూ ద్రాక్షను రైతులు తరతరములుగ పండించుచున్నారు. నందికొండ దాపున 1988లో స్థాపింపబడిన గ్రోవర్ వారి తోటలు విదేశీజాతుల ద్రాక్షసారాయమునకు ప్రసిద్ధములు. కాని అక్కడి యెత్తు, అక్కడి పెట్టుబడి, దాపుననే యున్న బెంగుళూరు విపణి మనకు లేవు.

మరియొక విషయము. ద్రాక్షతీగె పదునైదేండ్లు కాచును. మద్యమునుగూర్చిన ప్రభుత్వవిధానము అంతకాలము నిలువదు. 1992లో నెల్లూరుజిల్లా దూబగుంట స్త్రీలు సారాపై లేచిన లేవడికి ప్రభుత్వము 1993లో సారాను నిషేధించెను. 1995లో సంపూర్ణ మద్యనిషేధము వచ్చెను; 1997లో అది సడలింపబడెను. మన రాజ్యాంగము 47వ అధికరణమున మద్యనిషేధమునే ఆశయముగ చెప్పుచున్నది. ఆ స్త్రీల కన్నీటిని మరచి సారాయపు లాభమును లెక్కించుట మాకు సమ్మతముకాదు. ధర్మమును ప్రక్కనుంచి లెక్కయే చూచినను, ఒక్క ఉత్తరువుతో మూతపడగల విపణిని నమ్మి పదునైదేండ్ల పంట వేయుట వివేకము కాదు.

ఇక మన సంగతి విచారింతము. 2023 జూలై మాసాంతమున మదనపల్లె మార్కెట్టులో టమోటా కిలో దాదాపు రెండువందల రూపాయలు పలికెను. కొలది వారములకే ఆ ధర కూలిపోయెను. కోతకూలియు, బండిబాడుగయు రానినాడు పండ్లను రోడ్డుప్రక్కను పారబోయుట మన కందరకు తెలిసినదే. దోషము పండులో లేదు. కోసిననాడే అమ్మి తీరవలెనన్న బంధములో నున్నది. తెల్లవారుజామున క్రేట్లు దించిన రైతు, ఆ ధర నచ్చదని సరకును మరల ఇంటికి తీసికొనిపోగలడా?

అట్లయిన కర్మాగారములు వచ్చిన చాలునందురా? చిత్తూరుసీమలో మామిడిగుజ్జు కర్మాగారములకు కొదువలేదు. అయినను 2025లో తోతాపురి ధర పడిపోగా, ప్రభుత్వము కిలోకు 12 రూపాయలని నిర్ణయించి, అందు 8 రూపాయలు కర్మాగారములును 4 రూపాయలు ప్రభుత్వమును ఇచ్చునట్లు ఏర్పరుపవలసి వచ్చెను. గుజ్జు డబ్బాలలో నిలువయుండును. కాని డబ్బా రైతుది కాదు. పీపా యున్నంత మాత్రమున రైతు బాగుపడడు. ఆ పీపా తనది కావలెను.

ఈ నిజమును ఫ్రాన్సు రైతులు కష్టపడి నేర్చుకొనిరి. అక్కడి దక్షిణసీమలో ధరలు కూలి, కల్తీసరకు విపణిని ముంచగా, 1907లో లక్షలాది ద్రాక్షరైతులు వీథులకెక్కిరి. అంతకు ముందే, 1901లో, మరోసాన్ అను గ్రామపు చిన్నరైతులు సంఘముగ నేర్పడి, తమ సరకును దళారుల ప్రమేయము లేకుండ పారిసు నగరపు వినియోగదారుల సహకారసంఘములకే అమ్మసాగిరి. పిమ్మట అట్టి సంఘములు ఊరూర వెలసెను. షార్డనేకే పేరుపొందిన షాబ్లీలో 1923లో స్థాపితమైన రైతుసంఘము నేటికిని నడుచుచు, ఆ సీమ సారాయములో సుమారు నాల్గవవంతును తానే తయారుచేయుచున్నది. ఒక్కొక్కడు పీపాలను, కొట్టును కొనలేడు. నూరుగురు కలిసిన కొనగలరు.

సంఘములు మనదేశమున నిలువవని నిరాశపడువారు కలరు. 1956లో ప్రారంభమైన ములుకనూరు సంఘము తెలుగునేలమీదిదే. 1991లో మహారాష్ట్ర ద్రాక్షరైతుల సంఘములు కలిసి మహాగ్రేప్స్ అను సంస్థను నెలకొల్పి, తమ పండ్లను విదేశములకు పంపగలిగినవి. వారును మనవంటి రైతులే.

అయితే సంఘమునకు మూలధనముకంటె ముఖ్యమైనది సభ్యుల కట్టుబాటు. ఆ ఫ్రెంచి సంఘములలో సభ్యుడు ఒప్పుకొన్న పంటనంతయు సంఘమునకే ఈయవలెనను నియమము సామాన్యము. మనలో కిలో రెండువందలు పలికిననాడు సంఘమును మరచి మండీకి పరుగెత్తుట, రెండురూపాయలకు పడిననాడు సంఘమేమి చేయుచున్నదని యడుగుట పరిపాటి. ఈ యలవాటు మానక యెంతటి యంత్రమును తెచ్చినను, అది త్రుప్పుపట్టక మానదు.

కావున మేము మూడు మాటలు మనవి చేయుచున్నాము. ద్రాక్షయే కానిండు, మరేదియైన కానిండు, నోటిమాటను నమ్మి ఏండ్ల తరబడి నిలుచు పంటను ఎవరును నాటవలదు. ధర, తూకము, తీసివేత, చెల్లింపు గడువు వ్రాతలో నుండవలెను. ఆ వ్రాతను సర్వసభ్యసభలో చదివించి వినుడు. రెండవది, టమోటాను గ్రేడుచేయుట, ఎండబెట్టుట మొదలగు చిన్నపనులతో సంఘము ప్రారంభింపవలెను. ఒక కిలో ఎండుటమోటాకు సుమారు 15 మొదలు 20 కిలోల పచ్చిపండ్లు పట్టును. గనుక కొనువానిని ముందు చూచుకొని, ఆహారశాఖ లైసెన్సు పొంది, తరువాతనే యంత్రము కొనవలెను. మూడవది, ప్రతిసభ్యుడును తన పంటలో కొంతభాగమును, పదియవవంతైనను, ధర యెక్కువైనను తక్కువైనను సంఘమునకే ఇత్తునని సంతకము చేయవలెను.

మూడవదియే కష్టమైనది, మూడవది లేనిచో మొదటి రెండును వ్యర్థములు. రాబోవు సర్వసభ్యసభలో ద్రాక్షనుగూర్చి కాక, ఈ సంతకమునుగూర్చి చర్చింపుడని సభ్యులందరిని కోరుచున్నాము.