రెండు వందల దగ్గరే ఆగిన కేంద్రం

నిరుపేద వృద్ధుల పింఛనులో కేంద్రం వాటా నెలకు 200 రూపాయలు. 2007లో అంతే, ఇప్పుడూ అంతే. ఎనభై ఏళ్లు దాటితే 500. దివ్యాంగులకు 300; అదీ 80 శాతం వైకల్యం ఉంటేనే. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 40 శాతాన్నే ప్రమాణంగా పెట్టింది. పింఛను దగ్గరికొచ్చేసరికి అర్హత రెట్టింపయింది. అరవై శాతం వైకల్యంతో కూలికి పోలేని మనిషి కేంద్రం లెక్కలో లేనట్టే.

డబ్బుల్లేవంటే నమ్మలేం. ఎంపీల జీతభత్యాలను ధరల సూచీతో ముడిపెడుతూ 2018లో చట్టం సవరించుకున్నారు. ఆ ప్రకారం 2025 మార్చిలో మాజీ ఎంపీల పింఛను 25 వేల నుంచి 31 వేలకు పెరిగింది, అదీ 2023 ఏప్రిల్ నుంచి వర్తించేలా. ధరలు పెరుగుతాయని తమ విషయంలో ఒప్పుకున్న సభ, ముసలవ్వ విషయంలో ఎందుకు ఒప్పుకోదు? వాటా పెంచమని గ్రామీణాభివృద్ధి స్థాయీ సంఘం పదేపదే చెప్పింది. ఈ పింఛన్లిచ్చే సామాజిక సహాయ పథకానికి 2022-23 బడ్జెట్‌లో 9,652 కోట్లు. 2025-26లోనూ 9,652 కోట్లే.

భారమంతా రాష్ట్రాల మీదే పడింది. ఆంధ్రప్రదేశ్ 2024 జూలై నుంచి వృద్ధులకు 4,000, దివ్యాంగులకు 6,000 ఇస్తోంది. తెలంగాణలో 2023 ఎన్నికల హామీ కూడా ఇదే. 2024, 2025 బడ్జెట్లు వచ్చి వెళ్లినా అది అమలు కాలేదు. ఇస్తున్నచోటా నిశ్చింత లేదు. 2025లో పునఃపరిశీలన పేరిట ఆంధ్రప్రదేశ్‌లో నోటీసులందుకున్న దివ్యాంగులు మళ్లీ ఆసుపత్రుల చుట్టూ తిరగాల్సి వచ్చింది. అనర్హులను ఏరివేయాల్సిందే. కానీ కదల్లేని వాళ్ల దగ్గరికి వైద్యుడే వెళ్లాలి.

పింఛనుతోనే అన్నీ తీరవు. మంచం పట్టిన మనిషికి స్నానం చేయించేదెవరు? ఒళ్లు పుండ్లు పడకుండా పక్కకు తిప్పేదెవరు? కూలి మానుకున్న కోడలో, బడి మానేసిన మనవరాలో. ఈ చాకిరీకి ఏ పద్దులోనూ విలువ కట్టరు. కేరళ 2008లో పాలియేటివ్ సంరక్షణ విధానం తెచ్చి, ఇంటికి నర్సును పంపే బాధ్యతను పంచాయతీలకు అప్పగించింది. తెలుగు రాష్ట్రాల్లో అది ఇంకా పంచాయతీల పని కాలేదు. ఎన్నికల వేళ పింఛను అంకెలు పోటీపడి పెంచే పార్టీలు ఈ ఊసెత్తవు.

వచ్చే కేంద్ర బడ్జెట్‌లోనే పింఛను వాటాను ధరల సూచీతో ముడిపెట్టాలి. వైకల్య అర్హతను 40 శాతానికి దించాలి. రెండు తెలుగు రాష్ట్రాల ఎంపీలు పార్టీల గొడవ పక్కనపెట్టి, ఒక్క గొంతుతో సభలో ఇది అడగాలి.